ఐదో వరుస

1955వ సంవత్సరం ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, గుడియాత్తంలోని మా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి ఒక స్టాప్‌వాచ్ వచ్చింది. దాని వెనకాలే వేలూరు నుంచి ఒక ఇన్‌స్ట్రక్టరు వచ్చారు. అప్పటికి నేను అక్కడ గుమాస్తాగా చేరి పది నెలలు. నాకు పందొమ్మిదేళ్లు. హాజరు పట్టీ రాయడం, వచ్చిన ఉత్తరాలను ఫైళ్లలో పెట్టడం నా పని. నాన్నకు బజారులో నూలు దుకాణం. ఆడపిల్ల ఫ్యాక్టరీకి పోవడం మా ఇళ్లలో లేదు. ఆఫీసు గదిలో తలుపు వారన కూర్చునే పని గనుకా, మేనేజరు నాన్నకు తెలిసినవారు గనుకా ఒప్పుకున్నారు.

మా వైపు సంగతి ఒకటి ముందే చెప్పాలి. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుతాం. తెలుగు మాట నోట్లో ఉంటుంది గాని, అక్షరం చాలామందికి తెలియదు. మా నాన్నకూ తెలియదు. నాకు చిత్తూరులో పుట్టిన అమ్మమ్మ పలక మీద దిద్దించింది. ఆ తర్వాత దొరికిన తెలుగు కాగితమల్లా చదివాను, పొట్లాల కాగితాలతో సహా. డైరీ కూడా తెలుగులోనే రాసుకొనేదాన్ని. ఇంట్లో ఎవరి కంట పడినా భయం లేదు. నేను చదివింది చెప్పుకోవడానికి మాత్రం ఊళ్లో ఒక్క మనిషి లేదు.

ఫ్యాక్టరీ గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. అగ్గిపుల్లలను సన్నని గాట్లు ఉన్న చెక్కల మధ్య వరుసగా పేర్చి బిగించిన చట్రాన్ని ఫ్రేము అంటారు. ఆ ఫ్రేమును మందులో ముంచితే ప్రతి పుల్లకూ తల వస్తుంది. అది డిప్పింగు. ఆరిన పుల్లలను పెట్టెల్లో నింపడం బాక్స్ ఫిల్లింగు. పొడవాటి బెంచీకి అటూ ఇటూ ఆడవాళ్లు కూర్చుని నింపుతారు. ఎవరూ లెక్కపెట్టరు. పిడికిట పట్టిన పుల్లలు పెట్టెకు సరిపోయాయో లేదో చేతికే తెలుస్తుంది. నేను చెప్పబోయేది ఈ బెంచీ దగ్గర జరిగింది.

ఇన్‌స్ట్రక్టరు పుట్టింది మద్రాసులో, తెలుగు రాదు. మంచివారు. ఎవరినీ కసరలేదు. తక్కువ అలసటతో ఎక్కువ పని చేయించాలన్నది ఆయన పట్టుదల. ముందుగా బాగా నింపే ముగ్గురి దగ్గర వాచీ పట్టుకొని నిలబడి, చేయి ఎక్కడికి పోతుంది, ఎక్కడ ఆగుతుంది అంతా నా చేత రాయించారు. ఇలా ఒక పనిని అడుగులుగా విడగొట్టి రాసే కాగితాన్ని జాబ్ షీట్ అంటారు. అందులో అనవసరమైన అడుగులు కొట్టేసి, మిగిలిన ఏడింటితో ఒక పద్ధతి తయారు చేశారు. అందులో ముఖ్యమైనది రెండు చేతులూ ఒకేసారి కదలాలన్నది. అప్పటిదాకా వాళ్లు ఎడమ చేత్తో పెట్టె పట్టుకొని కుడి చేత్తో నింపేవారు.

"రెండు చేతులా తినమంటే తింటాము సామీ, పని చేసేదెట్ల?" అంది కుప్పమ్మ. బెంచీలో అందరికన్నా పెద్ద నోరు ఆమెది.

"నీ మొగుడిని కొట్టేటప్పుడు రెండు చేతులూ ఒగేసారి లేస్తాయి గదమ్మే, అట్లనే," అంది ఎదుటి వరుసలోంచి ఇంకొకామె.

బెంచీ అంతా నవ్వింది. ఇన్‌స్ట్రక్టరు ఏమన్నారని నన్ను అడిగారు. చెప్పడానికి సిగ్గేసి, "ప్రయత్నిస్తామంటున్నారు సార్," అన్నాను.

ఆ ఏడు అడుగులను పెద్ద అట్ట మీద రాసి బెంచీ ఎదుటి గోడకు తగిలించాలని ఆయన నిర్ణయించారు. దీన్ని జాబ్ కార్డు అనేవారు. కార్మికులకు వాళ్ల సొంత భాషలో రాసి పెట్టాలి, అప్పుడు పదిసార్లు నోటితో చెప్పే పని ఉండదు అన్నది ఆయన నేర్చుకున్న నియమం. ఆయన నా హాజరు పట్టీ తెప్పించుకొని మాతృభాష గడి చూశారు. ఆ బెంచీలో నలుగురైదుగురు తప్ప అందరి ఎదుటా నేనే రాసిన మాట ఉంది: తెలుగు.

"నీకు తెలుగు రాయడం వచ్చా?" అని అడిగారు.

వచ్చన్నాను. ఆ బెంచీలో తెలుగు చదవగలవాళ్లు ఎవరూ లేరని కూడా నాకు తెలుసు. తమిళం కూడబలుక్కొని చదివేవాళ్లు మాత్రం ముగ్గురున్నారు. అదే చెబుదామని నోరు తెరిచాను. కాని నా తెలుగు కావాలని అడిగిన మొదటి మనిషి ఆయన. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండేళ్లు. గుడియాత్తం రెండు రాష్ట్రాల సరిహద్దు గీతకు ఆ పక్క పడుతుందా, ఈ పక్క ఉంటుందా అని మా బజారులో రోజూ వాదనలే. అలాంటి రోజుల్లో గోడ మీద తెలుగు అక్షరాలు, అవీ నా చేతి అక్షరాలు. నేను నోరు మూసుకున్నాను. నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని, గీతలు గీసుకొని, నల్ల సిరాతో ఏడు వరుసలు రాశాను. ఐదో వరుస ఇది: రాలిన పుల్లలను కాళ్ల దగ్గరి గంపలో వేయాలి. వాటిని సాయంత్రం ఏరి మళ్లీ నింపేవారు. ఒక్క పుల్లా పోకూడదన్నది ఆ అడుగు ఉద్దేశం.

కార్డు తగిలించిన రోజున ఆడవాళ్లంతా దాని ఎదుట నిలబడి చూశారు. "మన మాట గోడెక్కిండాది చూడండే," అంది కుప్పమ్మ. ఇన్‌స్ట్రక్టరు ఒక్కొక్క అడుగూ చేతులతో చేసి చూపించి, "అర్థమైందా?" అని అడిగారు. అందరూ తలలూపారు. ఆయుధపూజ నాడు కార్డు అంచుకు గంధమూ కుంకుమా పెట్టారు. నా అక్షరాలకు బొట్టు పెట్టారని ఆ పూట నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

ఇప్పుడు చెంగమ్మ గురించి. ఇది ఆమె అసలు పేరు కాదు. ఎందుకు మార్చానో చివరికి తెలుస్తుంది. ఆమెకు ముప్పై అయిదేళ్లుంటాయి. ఇంటాయన మునిరత్నం తాపీ పని. వేలూరులో ఇళ్ల పనులకు పోయి వారానికొకసారి వచ్చేవాడు. ఆ బెంచీలో వేగంగా నింపే ముగ్గురిలో ఒకప్పుడు చెంగమ్మ ఒకరు. ఆ యేడు ఆమె వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున పూట పిడికిలి మూయడానికి వేడి నీళ్ల చెంబు పట్టుకొని కూర్చునేది. అది ఎవరికీ తెలియకుండా చూసుకొంది గాని, నేను వాచీ పట్టుకొని ఎదుట నిలబడినదాన్ని, నాకు తెలిసింది.

ఈ శిక్షణ కోర్సు చివర ఒక పరీక్ష ఉంటుందని, అందులో నెగ్గిన ఒకరిని బెంచీకి మేస్త్రిగా వేస్తారని చెప్పారు. మేస్త్రి నింపనక్కర లేదు. తిరిగి చూడాలి, కొత్తవాళ్లకు చూపించాలి. చెంగమ్మకు ఆ పని కావాలి. ఆ పని దొరక్కపోతే ఇంకొక యేడు కూడా ఆమె ఆ బెంచీ దగ్గర కూర్చోలేదు. ఈ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. కాని మేస్త్రి అయ్యేవాళ్లు కార్డు చదివి వినిపించాలన్నది షరతు.

ఒక మధ్యాహ్నం అన్నాల గంట కొట్టాక ఆమె ఆఫీసు వెనక మెట్ల దగ్గరికి వచ్చింది. నేను అక్కడే కూర్చుని తినేదాన్ని.

"అమ్మణ్ణీ, ఒగ మాట అడుగుతా. ఎవురికీ చెప్పగూడదు."

"చెప్పక్కా."

"ఆ గోడ మీద రాసిండేది ఒగ తూరి నిదానంగా చదువు. నేను ఇంటా."

చదివాను. మళ్లీ చదవమంది. మూడోసారి తనే చెప్పింది, ఒక్క మాట పొల్లు పోకుండా. నాకు ఆశ్చర్యం వేసింది.

"ఎట్ల పట్టుకున్నావక్కా?"

"ఇదో, ఇట్ల." ఎడమ చేయి చాపింది. బొటనవేలితో తక్కిన వేళ్ల కణుపులు ఒక్కొక్కటే తాకుతూ పోయింది. చూపుడు వేలికి మూడు, నడి వేలికి మూడు, ఉంగరపు వేలికి ఒకటి. ఒక్కొక్క కణుపుకు ఒక్కొక్క వరుస. "మా అవ్వ నూటెనిమిది పేర్లు ఇట్లనే చెప్పును. కణుపులు వాచినాక ఇంకా బాగా దొరకతాండాయి అమ్మణ్ణీ, వేలు పెడితే తప్పిపోదు," అని నవ్వింది.

మిగిలింది నేను నేర్పాను. చదివేటప్పుడు కుడి చూపుడు వేలు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంత మెల్లగా జరపాలో, వరుస అయ్యాక కిందికి ఎలా దిగాలో, నడుమ ఒక చోట ఆగి కళ్లు చిట్లించమని కూడా. ఎడమ చేయి పైట కింద ఉంచుకోమన్నాను. వారం రోజులు మెట్ల మీద మా ఇద్దరికీ అదే పని. నా జీవితంలో అంత సరదాగా గడిచిన మధ్యాహ్నాలు లేవు. అక్షరాలే నేర్పి ఉండవచ్చు కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు ఇద్దరికీ తొందర.

ఐప్పసిలో, అంటే దీపావళి నెలలో, వానలు పట్టాయి. పుల్లలు చెమ్మగిల్లి వెలగడం లేదని బయటినుంచి ఫిర్యాదులు వచ్చాయి. మందు కలిపే ఆయన పాళ్లు మార్చారు. కొత్త మందు తడి రోజుల్లో కూడా చురుగ్గా అంటుకొంటుంది. దాంతో రాలిన పుల్లలను గంపలో కుప్ప పోయడం ప్రమాదం, ఒకదానికొకటి రాసుకొంటే చాలు. ఇన్‌స్ట్రక్టరు వెంటనే ఐదో అడుగు మార్చి నా చేత కొత్త కార్డు రాయించారు. మిగిలిన ఆరు వరుసలూ అవే. ఐదోది మాత్రం: రాలిన పుల్లలను వెంటనే నీళ్ల తొట్టిలో వేయాలి. బెంచీ చివర ఒక సిమెంటు తొట్టి కట్టించి నీళ్లు నింపారు. సోమవారం పాత కార్డు తీసి కొత్తది తగిలించి, మార్పు ఏమిటో ఆయన ఒకసారి నోటితో చెప్పారు.

ఆ సోమవారం చెంగమ్మ రాలేదు. తిరువలంలో చిన్నమామ పోయాడని వెళ్లింది, శుక్రవారం రాత్రి గాని తిరిగి రాలేదు. "రాని వాళ్ల సంగతేమిటి సార్?" అని అడిగాను. ఆ మాత్రం అడిగినందుకే నా చెవులు వేడెక్కాయి.

"కార్డు ఉన్నది అందుకే కదమ్మా. వచ్చి చదువుకొంటారు," అన్నారు.

మర్నాడు నన్ను కోర్సు కాగితాలు టైపు చేయించడానికి వేలూరు పంపారు. నేను తిరిగి వచ్చింది శనివారం, పరీక్ష రోజు పొద్దున. బస్సు దిగి నేరుగా ఫ్యాక్టరీకి వెళ్లేసరికి బెంచీ ముందు అందరూ చేరి ఉన్నారు. మేనేజరు కుర్చీలో ఉన్నారు. ఆయనకు గాని, ఇన్‌స్ట్రక్టరుకు గాని తెలుగు చదవడం రాదు, విన్నా అర్థం కాదు. చెంగమ్మ తల దువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని కార్డు ముందు నిలబడి ఉంది.

మొదలుపెట్టింది. వేలు నేను నేర్పినట్టే మెల్లగా జరుగుతోంది. నాలుగో వరుసలో ఆగి కళ్లు చిట్లించింది. ఐదో వరుస మీద వేలు పెట్టింది. వేలి కింద నీళ్ల తొట్టి అని ఉంది. నోటితో గంప అని చదివింది.

రాసింది ఒకటి, చదివింది ఒకటి అని నా ఒక్కదానికే తెలిసింది. ఆమె ఏడో వరుస కూడా ముగించి, వేలు తీసి, పక్కకు జరిగి నిలబడింది. ఇన్‌స్ట్రక్టరు నా వైపు తిరిగారు.

"సరిగ్గా చదివిందా అమ్మా?"

చెంగమ్మ నన్ను చూసింది. ఆమె చూపులో భయం లేదు. మనిద్దరం కలిసి గెలిచాం అన్నట్టు చూసింది.

"చదివింది సార్," అన్నాను.

అందరూ ఆమె చుట్టూ మూగారు. కుప్పమ్మ ఆమె గడ్డం పట్టుకొని, "ఏమ్మే, ఎప్పుడు నేర్చినావు? మా కండ్లెదురుగానే ఉండి ఇంత పని చేస్తివే! ఇంక నువ్వు చదువుల చెంగమ్మవు," అంది. మునిరత్నం ఆ రోజు ఊళ్లోనే ఉన్నాడు. గేటు దగ్గరికి వచ్చి, నా ఇంటిది చదివిందంట అని వాచ్‌మన్‌కు చెప్పి పొట్లం విప్పి బూందీ పంచాడు. ఆ గుంపులోంచి ఆమెను ఒక పక్కకు పిలిచి, అక్కా, ఐదోది మారింది అని చెప్పడానికి నాకు పది అడుగులు నడవాల్సి ఉంది. అందరూ చూస్తారని నడవలేదు. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యం రాశాను: సోమవారం చెంగమ్మక్కకు చెప్పాలి.

సోమవారం నేను వచ్చేసరికి మేనేజరు డిక్టేషనుకు పిలిచారు. ఉత్తరం పెద్దది. అది సగంలో ఉండగా బెంచీ వైపు నుంచి కేకలు వినిపించాయి.

తర్వాత కుప్పమ్మ చెప్పింది ఇది. పని మొదలుకాగానే చెంగమ్మ గంప తెచ్చి బెంచీ కింద పెట్టించింది.

"తొట్టిలో వెయ్యమన్నారే?" అంది కుప్పమ్మ.

"యాడ? గంపలో అని గదా ఉండాది. నేను చదివినాను గదమ్మే, అందరూ ఇన్నారు గదా."

"మేము తొట్టి అని ఇన్నామే, మొన్న సోమవారం."

"ఇంటే ఏమి? రాసిండేది ముఖ్యమా, ఇన్నది ముఖ్యమా?"

కుప్పమ్మ తన ఎదుట రాలిన పుల్లలను గంపలో వేసింది. నోటితో విన్నవాళ్లు ఇరవై మంది, గోడ మీది అక్షరం చదివిన మనిషి ఒక్కతే. మాదే తప్పేమో అనుకున్నాము అమ్మణ్ణీ, అంది నాతో.

గంట సేపట్లో గంప సగం నిండింది. ఎవరి కాలో తగిలి జరిగిందట, అంతే. భగ్గుమని లేచింది. బెంచీ మీద నింపాల్సిన పుల్లల కుప్పలు, రెండు పక్కలా ఆడవాళ్ల చీర కొంగులు. తొట్టి బెంచీకి అవతలి చివర ఉంది. చెంగమ్మ గంపను రెండు చేతులా ఎత్తుకొని తలుపు బయటికి, వాకిట్లోకి పరుగెత్తింది. నేను వెళ్లేసరికి ఆమె తడి మట్టిలో మోకాళ్ల మీద ఉంది. చేతులు ముందుకు చాపి పట్టుకొని ఉంది, ఎవరికో ఏదో ఇస్తున్నట్టు. ఇంకెవరికీ ఏమీ కాలేదు. లోపల ఆ పొద్దున నీళ్లు మార్చిన తొట్టి నిండుగా, తేటగా ఉంది. అందులో ఒక్క పుల్ల లేదు.

ఆమెను వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఎనిమిదో రోజున మేనేజరు నన్ను వెంటపెట్టుకొని అక్కడికి వెళ్లారు. ప్రమాదం జరిగితే కార్మికుల వాఙ్మూలం తీసుకోవాలి. దాన్ని స్టేట్‌మెంటు అంటారు. అది ఆమె సొంత భాషలో ఉండాలి గనుక రాయడం నా వంతు. మేనేజరు తమిళంలో చెప్పారు, నేను చెంగమ్మ మాటగా తెలుగులో రాశాను: నాకు ఈ పని గురించి శిక్షణ ఇచ్చినారు. కార్డును నేను అందరి ఎదుట చదివినాను. కార్డులో రాసిన దానికి వ్యతిరేకంగా నేనే గంప పెట్టించినాను. మూడు వాక్యాలు. మొదటిదీ మూడోదీ నిజం. రెండోది రాసేటప్పుడు పెన్ను ఆగింది. సిరా అయిపోయిందనుకొని మేనేజరు తన పెన్ను ఇచ్చారు.

నేను చదివి వినిపించాను. చెంగమ్మ కళ్లు మూసుకొని వింది. "సరి," అంది.

రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. ఎడమ చేతి బొటనవేలు ఒక్కటే కట్టుకు బయట ఉంది. మేనేజరు జాలిగా చూసి, "పాపం, సంతకం ఎలా పెడుతుంది, వేలిముద్ర వేయించు," అన్నారు. సిరా పూసి నేనే ఆ వేలు పట్టుకొని కాగితానికి అద్దాను. కార్డు చదివినానని రాసిన కాగితం కింద వేలిముద్ర. అందులో వింత ఏమీ లేదు, చేతులు కాలిన మనిషి కదా.

మేనేజరు డాక్టరుతో మాట్లాడడానికి బయటికి వెళ్లారు. నేను మంచం పక్కన నిలబడ్డాను.

"అక్కా, నేను చెప్పేస్తాను. నీకు చదవడం రాదనీ, నేనే నేర్పాననీ, తెలిసీ తెలిసీ నోరు మూసుకున్నాననీ. తప్పు నాదని చెప్తాను."

"ఇప్పుడు చెప్తే నా చేతులొస్తాయా?"

"నీదే తప్పని అంటున్నారక్కా. నష్టపరిహారం కూడా ఇవ్వరు."

"ఇయ్యకపోతే పోనీ." కట్లు కట్టిన చేతులు చూసుకొంది. "అమ్మణ్ణీ, మా వీధిలో నన్ను ఏమంటాండారో తెలుసునా? చదువుల చెంగమ్మ అంటాండారు. మా ఆయన పని చేసే కాడంతా చెప్పుకున్నాడు, నా ఇంటిది చదువుతాదని. ఈ చేతులు పోయినాయి, సరి. ఆ ఒగ మాట నాకు ఉండనీ. దాన్ని గూడా తీసుకోవద్దు."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కొంచెంసేపయ్యాక అడిగింది:

"ఐదోది ఏమని రాసినావు?"

చెప్పాను. రాలిన పుల్లలను వెంటనే నీళ్ల తొట్టిలో వేయాలి.

ఆమె పెదవులతో ఆ మాటలు పట్టుకోబోయింది. బొటనవేలు అలవాటు కొద్దీ కదిలి, నడి వేలి నడి కణుపు కోసం వెతికింది. కట్టు గుడ్డకు తగిలి ఆగిపోయింది. ఇంకొకసారి కదిలింది. మళ్లీ గుడ్డే.

"ఇంత చిన్న మాటనా," అంది. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకొంది.

నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె అడిగిందని చెప్పలేదా, నా ఉద్యోగం పోతుందని చెప్పలేదా అని డైరీలో చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. జవాబు ఒక్కటే అయితే బాగుండేది. విచారణ జరిపి, చెంగమ్మ అజాగ్రత్త అని రాసి ఫైలు మూశారు. ఆ కాగితాన్ని ఫైలులో పెట్టింది నేనే, అది నా పని గనుక. మునిరత్నం ఆమెను కావేరిపాక్కం తీసుకుపోయాడు, అక్కడ కట్టడం పనులున్నాయని. ఒకసారి కుప్పమ్మ చూసి వచ్చింది. ఎట్లుంది అని అడిగాను. "ఉండాది. ఇంకొగరు కలిపి నోట్లో పెడితే తింటాండాది. వీధిలో వాళ్లు కాగితాలు తెచ్చి చదవమంటారంట. కండ్లు కూడా మసకేసినాయని చెప్తాదంట," అంది.

ఇది జరిగి మూడేళ్లయింది. ఇన్‌స్ట్రక్టరు కోర్సు ముగించి వెళ్లిపోయారు. ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పే పని నాకే ఇచ్చారు. అర్థమైందా అని నేను ఎవరినీ అడగను. మా వైపు ఆ ప్రశ్నకు తల ఊపడం మర్యాద. తెలియదనడం, నేర్పేవారి ముఖం మీద కొట్టినట్టు. అందుకని మాటలు ఆపి చేతులు చూస్తాను. రాలిన పుల్ల ఎటు పోతుందో చూస్తాను. రాని వాళ్ల పేర్లు రాసుకొని, వచ్చిన రోజున వెళ్లి పక్కన కూర్చుంటాను. అందరూ చూస్తున్నా నడిచి వెళతాను. ఇది నేను నేర్చుకున్న పాఠం. దీనికి చెల్లించింది నేను కాదు.

కార్డును తీసేసి తమిళంలో రాయిద్దామని రెండుసార్లు అడిగాను. మేనేజరు ఒప్పుకోలేదు. విచారణలో సాక్ష్యంగా చూపిన కార్డు అది, అక్కడే ఉండాలన్నారు. అది నా అక్షరాలతో ఇంకా గోడ మీదే ఉంది. ప్రతి ఆయుధపూజకూ ఆడవాళ్లు దానికి గంధం పూసి కుంకుమ పెడతారు. మొదటి యేడు పాత కార్డుకు అంచున మాత్రం పెట్టారు. ప్రమాదం జరిగాక భయంతో భక్తి పెరిగి అట్ట నిండా పూయడం మొదలుపెట్టారు. మొన్నటి పూజకు ఏడు వరుసలూ పూర్తిగా కప్పుకుపోయాయి. ఒక్క అక్షరం కనిపించదు.

చదవడానికి కనబడడం లేదని ఇంతవరకూ ఎవరూ వచ్చి నాతో చెప్పలేదు.